వార్తల్లో పదం: మంచు స్తూపం

చలికాలంలో వృథాగా పోయే వాగు నీటిని శంకు ఆకారంలో గడ్డకట్టించి, విత్తే వేళకు పొలాలకు అందించే కృత్రిమ మంచు గుట్టే మంచు స్తూపం. బౌద్ధ స్తూపంలా కనిపిస్తుంది కాబట్టి ఆ పేరు. లద్దాఖ్‌లో ఇంజినీరు, విద్యావేత్త సోనమ్ వాంగ్‌చుక్ 2013లో దీన్ని తొలిసారి ప్రయోగించారు.

ఎందుకు?
సింధు నది పరీవాహకంలోని ఈ శీతల ఎడారిలో ఏడాది వర్షపాతం సుమారు 100 మిల్లీమీటర్లే. బార్లీ, గోధుమ, బఠాణీ పంటలకు కరిగే మంచే దిక్కు. ఏడాదికి ఒక్కటే పంట. ఏప్రిల్, మే నెలల్లో తడి అందకపోతే మళ్లీ చలి ముంచుకొచ్చేలోగా గింజ చేతికి రాదు. భూతాపంతో హిమానీనదాలు పైపైకి కుంచించుకుపోతున్నాయి. అక్కడి మంచు బాగా కరిగేది జూన్ తర్వాతే. అప్పటికి అదను దాటిపోతుంది.

ఎలా?
ఎగువ వాగు నీటిని భూమిలో పూడ్చిన పైపుతో దిగువకు తెస్తారు. ఎత్తు తేడా వల్ల పుట్టే ఒత్తిడికి అది నిలువు గొట్టం కొస నుంచి తుంపరలుగా చిమ్ముతుంది. పంపు, కరెంటు అక్కర్లేదు. రాత్రి చలికి తుంపరలు గడ్డకట్టి పొరలుగా పేరుకుంటాయి. శంకు ఆకారం వల్ల ఎండ తగిలే ఉపరితలం తక్కువ. అందుకే చదునైన మంచు కరిగిపోయాక కూడా స్తూపం నిలుస్తుంది.

మంచు స్తూపానికి ముందే చెవాంగ్ నోర్ఫెల్ లద్దాఖ్‌లో కృత్రిమ హిమానీనదాలు నిర్మించారు. ఆయనకు 2015లో పద్మశ్రీ దక్కింది.

పరిమితి
పైపుల్లో నీరు గడ్డకడితే పని ఆగిపోతుంది. ఏటా మళ్లీ కట్టుకోవాలి. స్తూపం విత్తుకాలాన్ని కాపాడగలదు గానీ హిమానీనదాన్ని తిరిగి తేలేదు. లద్దాఖ్ రైతులకు ఇప్పుడు పైపుల ఖర్చుకు సాయం కావాలి. శాశ్వత భరోసా మాత్రం ప్రపంచం కర్బన ఉద్గారాలు తగ్గిస్తేనే దొరుకుతుంది.