కాపలా లేని శరీరం

పిల్లలూ, జలుబు చేయనివారు మీలో ఎవరైనా ఉన్నారా? చిన్నపిల్లలకు ఏడాదికి ఆరేడుసార్లు జలుబు చేయడం మామూలే. నాలుగు రోజులు ముక్కు కారుతుంది, మిరియాల కషాయం తాగుతారు, తగ్గిపోతుంది. తగ్గించింది కషాయమేనని బామ్మ అంటుంది గాని, అసలు పని చేసింది మీ ఒంట్లోని రోగనిరోధక శక్తి.

అయితే కొందరి సంగతి ఇలా ఉండదు. చెవిలో చీము తగ్గిందనుకుంటే న్యుమోనియా వస్తుంది. అదీ తగ్గి బడికి వస్తే వారం తిరగకుండా మళ్ళీ జ్వరం. ఇంట్లోవాళ్ళు దిష్టి తీస్తారు, తాయెత్తు కడతారు. చివరికి "వాడిది పుట్టుకతోనే బక్కప్రాణం" అని సరిపెట్టుకుంటారు. అలా సరిపెట్టుకోని ఒక డాక్టరు కథ చెబుతాను.

అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో అప్పట్లో వాల్టర్ రీడ్ అనే సైనిక ఆసుపత్రి ఉండేది. అక్కడి పిల్లల వైద్యుడు ఆగ్డెన్ బ్రూటన్. ఆయన దగ్గర వైద్యం పొందుతున్న ఎనిమిదేళ్ళ బాలుడికి నాలుగేళ్ళలో 19 సార్లు తీవ్రమైన ఇన్ఫెక్షన్ వచ్చింది. పెన్సిలిన్ ఇస్తే తగ్గేది, కొన్నాళ్ళకు మళ్ళీ వచ్చేది. వచ్చిన జ్వరానికల్లా మందు ఇచ్చి పంపవచ్చు. బ్రూటన్ మాత్రం, "ఈ పిల్లవాడికే ఎందుకిలా వస్తోంది?" అని ఆలోచించాడు. టీకా వేసి చూశాడు. టీకా వేస్తే మన రక్తంలో ప్రతిరక్షకాలు పుట్టాలి కదా? ఆ బాలుడిలో పుట్టలేదు.

అప్పుడు రక్తాన్ని ఒక కొత్త పరికరంలో పరీక్షించారు. దాన్ని రూపొందించినవాడు స్వీడన్ శాస్త్రవేత్త టిసేలియస్. ఆయనకు 1948లో నోబెల్ బహుమతి వచ్చింది. రక్తం గడ్డకట్టాక పైన తేలే లేతపసుపు ద్రవమే సీరం. అందులోకి విద్యుత్తు ప్రసరింపజేస్తే ప్రోటీన్లు ఒక్కొక్కటి ఒక్కొక్క వేగంతో కదులుతాయి. ఊరి నుంచి బస్సు, సైకిలు, ఎడ్లబండి ఒకేసారి బయలుదేరాయనుకోండి. కాసేపటికి వేటికవే విడిపోతాయి. అలాగే సీరంలో అల్బుమిన్ ముందు పోతుంది, గామా గ్లోబ్యులిన్ అన్నిటికన్నా వెనక ఉంటుంది. ప్రతిరక్షకాలు ఎక్కువగా ఉండేది ఈ చివరి గుంపులోనే. ఆ బాలుడి సీరంలో వెనక రావలసిన ఎడ్లబండి అసలు లేదు!

లోపం తెలిశాక చికిత్స తట్టింది. ఆరోగ్యవంతుల రక్తం నుంచి తీసిన గామా గ్లోబ్యులిన్‌ను నెలకొకసారి ఇంజెక్షనుగా ఇచ్చారు. ఏడాదికి పైగా ఆ ప్రాణాంతకమైన ఇన్ఫెక్షన్ మళ్ళీ రాలేదు. 1952లో బ్రూటన్ ఈ సంగతి ప్రకటించాడు. నేటికీ ఈ జబ్బుకు అదే పద్ధతి. ఎక్కించిన ప్రతిరక్షకాల్లో సగం దాదాపు మూడు వారాల్లో ఖర్చయిపోతాయి కనుక జీవితాంతం తీసుకుంటూ ఉండాలి. ఖరీదైన వైద్యమే, కాదనను.

ఇంతకీ ఆ లోపం ఎక్కడుంది? ఎముక మజ్జలో పుట్టే బి కణాలు ఎదిగితేనే ప్రతిరక్షకాలను తయారుచేస్తాయి. వాటిని ఎదగనిచ్చే జన్యువు ఎక్స్ క్రోమోజోముపై ఉందని 1993లో కనుగొన్నారు. మగపిల్లవాడికి ఎక్స్ ఒక్కటే. అది పాడైతే బదులు లేదు. అందుకే ఈ జబ్బు దాదాపు మగపిల్లలకే వస్తుంది. పుట్టగానే బయటపడదు కూడా. కడుపులో ఉండగా తల్లి ఇచ్చిన ప్రతిరక్షకాలు ఆరు నెలల దాకా కాపాడతాయి. ఆ తరువాతే అసలు కష్టం.

బి కణాలతోపాటు టి కణాలు కూడా పనిచేయకపోతే మరీ ప్రమాదం. 1971లో హ్యూస్టన్‌లో పుట్టిన డేవిడ్ వెట్టర్‌ను పుట్టిన వెంటనే సూక్ష్మజీవులు చొరబడలేని ప్లాస్టిక్ గదిలో ఉంచారు. పన్నెండేళ్ళు అందులోనే పెరిగాడు. 1983లో అక్క ఎముక మజ్జను అతనికి ఎక్కించారు. అందులో దాగిన ఒక వైరస్ కారణంగా 1984లో మరణించాడు. ఇప్పుడు ఇలాంటి శిశువులను గుర్తించి తొలి మూడు నాలుగు నెలల్లోనే మజ్జ మార్పిడి చేస్తే ఎక్కువమంది బతుకుతున్నారు. కాపలా కుక్క యజమానినే కరిచినట్టు నిరోధక శక్తి సొంత శరీరంపై తిరగబడే జబ్బులూ ఉన్నాయి. లూపస్ అలాంటిదే. దాని కథ వేరు.

తరచు దగ్గే ప్రతివారికీ ఈ జబ్బు ఉందని భయపడకండి. పుట్టుకతో వచ్చే ఈ లోపాలు అరుదు. తిండి చాలక నిరోధక శక్తి తగ్గడమే ఎక్కువ. కాని ఏడాదిలో రెండుసార్లు న్యుమోనియా వచ్చినా, నాలుగుసార్లు చెవిలో చీము పట్టినా, రెండు నెలలు యాంటీబయాటిక్ వాడినా గుణం కనిపించకపోయినా, పిల్లవాడు బరువు పెరగకపోయినా పిల్లల డాక్టరును గట్టిగా అడగాలి. ఆయన మొదట రక్తకణాల లెక్క, ఐజీజీ, ఐజీఏ, ఐజీఎం పరీక్షలు చేయిస్తారు. తేడా ఉంటే ఇమ్యూనాలజిస్టు దగ్గరికి పంపుతారు. చండీగఢ్‌లోని పీజీఐలో ఇందుకు నిపుణులున్నారు. 2021లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన అరుదైన వ్యాధుల విధానంలో ఈ లోపాలు కొన్నింటికి చోటు దొరికింది. అందులో పేర్కొన్న కేంద్రాల్లో ఒకటి మన హైదరాబాదులో నిమ్స్, సీడీఎఫ్‌డీ సంస్థలది. టీకాలు అందరికీ వేయించవలసినవే. ఇలాంటి లోపం ఉందని అనుమానం వస్తే మాత్రం బీసీజీ, పోలియో చుక్కల వంటి సజీవ టీకాల గురించి ముందుగా డాక్టరును అడగాలి.

ఆ నిపుణులు తప్పక వేసే ప్రశ్నలు రెండున్నాయి. తల్లిదండ్రులది మేనరికమా? తల్లి తోడబుట్టిన మగపిల్లలు పసితనంలోనే ఎవరైనా పోయారా? మొదటిది అందరికీ తెలిసిందే. రెండోదానికి జవాబు చాలాసార్లు అమ్మమ్మకే తెలుస్తుంది. బయలుదేరేముందే ఆమెను అడిగి కాగితం మీద రాసుకుని, పాత మందుల చీటీలు, ఎక్స్‌రేలు ఒక సంచిలో పెట్టుకుని వెళితే డాక్టరుకు సగం పని తగ్గుతుంది.