ఒక ఆదేశం – అనేక యంత్రాలు

ఒక కంప్యూటరులో అక్కరతీరిన ఫైళ్ళను తొలగించడానికి 5 నిమిషాలు పడుతుందనుకుందాం. అదే పనిని 200 కంప్యూటర్లలో చేయవలసివస్తే 1000 నిమిషాలు, అనగా దాదాపు 17 గంటలు కావాలి. కాలవ్యయం ఒక్కటే కాదు చిక్కు. నూట యాభయ్యవ యంత్రం వద్దకు వచ్చేసరికి మనిషి ఏదో ఒక మెట్టును మరచిపోవడం సహజం.

ఈ బెడదకు విరుగుడే స్క్రిప్టు. చేతితో ఒకటొకటిగా ఇచ్చే ఆదేశాలను వరుసగా ఒక ఫైలులో వ్రాసి, యంత్రమే వాటిని చదువుకొని అమలు జరిపేటట్లు చేయడం దీని సారాంశం. 1979లో బెల్ లాబొరేటరీస్ నుండి వెలువడిన యూనిక్స్ 7వ వెర్షనుతో వచ్చిన బోర్న్ షెల్ ఈ పద్ధతికి గట్టి పునాది వేసింది. నిర్ణీత వేళకు పనిని తానే ప్రారంభించే ‘క్రాన్’ కూడా అందులోనిదే. దూరాన ఉన్న యంత్రానికి ఆదేశాలను గుప్తలిపిలో చేరవేసే ఎస్.ఎస్.హెచ్. 1995లో ఫిన్లండులో రూపొందింది. ఈ మూడూ కలిసినప్పుడు, కంప్యూటర్ల పేర్ల పట్టిక చేతబట్టుకొని స్క్రిప్టు ప్రతి గడపా తొక్కి రాగలదు.

అయితే ఆదేశం వ్రాయడంలో ఒక సూక్ష్మమున్నది. నెట్‌వర్కు మధ్యలో తెగితే స్క్రిప్టును మళ్ళీ నడపక తప్పదు. అప్పుడు పని పూర్తయిన యంత్రాలకు కూడా అదే ఆదేశం రెండవసారి అందుతుంది. “దీపపు మీట నొక్కు” అన్న ఆదేశాన్ని రెండుమార్లు పాటిస్తే వెలిగిన దీపం ఆరిపోతుంది. “దీపం వెలిగి ఉండాలి” అన్నామా, ఎన్నిమార్లు చెప్పినా ఫలితం ఒక్కటే. చేయవలసిన క్రియను గాక చేరవలసిన స్థితిని చెప్పడమే ఇందులోని కీలకం. 1993లో మార్క్ బర్జెస్ నార్వేలో ప్రారంభించిన సీఎఫ్ఇంజిన్, 2012లో వెలువడిన ఆన్సిబుల్ వంటి సాధనాలకు ఈ సూత్రమే ఆధారం.

ఈ విషయంలో ఏమరుపాటు ఎంత ఖరీదైనదో 2012 ఆగస్టు 1న లోకానికి తెలిసింది. అమెరికాలో షేర్ల వ్యాపారం నిర్వహించే నైట్ క్యాపిటల్ సంస్థ కొత్త ప్రోగ్రామును 8 సర్వర్లలో నెలకొల్పవలసి ఉండగా, ఒకదానిలో చేర్చడం జరుగలేదు. చేర్చినదీ లేనిదీ రెండవ వ్యక్తి సరిచూడలేదు. ఆ ఒక్క సర్వరులో మిగిలిపోయిన పాత ప్రోగ్రాము మేలుకొని, ఎడతెగకుండా కొనుగోలు, అమ్మకపు ఆజ్ఞలు పంపింది. సుమారు 45 నిమిషాలలో 44 కోట్ల డాలర్లకు పైగా నష్టం వాటిల్లింది. మరుసటి సంవత్సరం ఆ సంస్థ మరొక సంస్థలో విలీనమైపోయింది.

అట్లని స్క్రిప్టు సర్వరోగనివారిణి కాదు. ఒప్పును ఎంత వేగంగా వ్యాపింపజేస్తుందో, తప్పును కూడా అంతే వేగంగా వ్యాపింపజేస్తుంది. కనుక ముందు ఒక యంత్రంపై, పిదప పదింటిపై, ఆ తరువాతనే అన్నింటిపై ప్రయోగించడం వివేకం. అన్నం ఉడికినదీ లేనిదీ తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునంటారు. అది ఒకే కుండలోని అన్నానికి చెల్లిన మాట. కంప్యూటర్లు ఒకే కుండలోని మెతుకులు కావు. పని ముగిసిన పిదప ప్రతి యంత్రాన్నీ స్క్రిప్టు చేతనే తిరిగి ప్రశ్నింపజేసి, జవాబులను లెక్కించాలి. జవాబు రాని యంత్రాన్ని పని జరగని యంత్రంగానే పరిగణించాలి.