కంది గింజ నుంచి డయాలసిస్ దాకా

డయాలసిస్ రోగికి సాయం చేసేవారు మందుల గురించి, రానుపోను చార్జీల గురించి అడుగుతారు. నీళ్ళ గురించి అడిగేవారు తక్కువ. నిమిషానికి అర లీటరు లెక్కన నాలుగు గంటలకు సుమారు 120 లీటర్ల శుద్ధమైన నీరు కావాలి. శుద్ధి చేసేటప్పుడు పోయే నీరు వేరే. రక్తంలోని యూరియా తదితర మలినాలను తీసుకుని అదంతా కాలువలో కలుస్తుంది. ఆ మలినాలను నీటి నుంచి తొలగించగలిగితే కొద్ది నీటినే తిప్పి తిప్పి వాడుకోవచ్చు. అందులో యూరియాను విడగొట్టే పదార్థం మన కందుల డబ్బాలోనే ఉంది.

కందులు, సోయా, పుచ్చ గింజల్లో యూరియేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది యూరియాను అమ్మోనియాగా, కార్బన్ డయాక్సైడ్‌గా విడగొడుతుంది, తాను మాత్రం ఖర్చు కాదు. మన తమ్మకాయకు దగ్గరి చుట్టమైన జాక్ బీన్ నుంచి 1926లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ సమ్నర్ దీన్ని స్ఫటికాలుగా వేరుచేశారు. కుర్రతనంలో వేట ప్రమాదంలో ఎడమచేయి పోగొట్టుకున్న మనిషి ఆయన. ఆ పనికి తొమ్మిదేళ్ళు పట్టింది. ఎంజైమ్ అంటే ప్రోటీనే అని ఆయన చెబితే చాలామంది నమ్మలేదు. 1946లో నోబెల్ బహుమతి వచ్చింది.

చిక్కేమిటంటే, ఎంజైమ్‌ను నీళ్ళలో కలిపాక తిరిగి ఏరుకోలేం. అందుకే దాన్ని ముందే బంధిస్తారు. సముద్రపు నాచు నుంచి తీసే సోడియం ఆల్జినేట్ జిగురులో ఎంజైమ్‌ను కలిపి, కాల్షియం క్లోరైడ్ నీటిలో చుక్కలుగా వదులుతారు. బూందీ గరిటె నుంచి పిండి నూనెలో పడినట్టే గుండ్రని పూసలు కడతాయి. యూరియా చిన్నది, పూసలోకి వెళుతుంది. ఎంజైమ్ పెద్దది, లోపలే ఉండిపోతుంది. పూసలను వడకట్టి, కడిగి, మళ్ళీ వాడుకోవచ్చు. కంది యూరియేజ్‌తో ఇలాంటి ప్రయోగాలు కాశీలోని బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో జరిగాయి. అయినా పూసల సందుల్లోంచి ఎంజైమ్ కొద్దికొద్దిగా కారిపోతుంది. గ్లుటరాల్డిహైడ్‌తో బిగిస్తే కారడం తగ్గుతుంది గానీ, చురుకుదనమూ కొంత పోతుంది. ఎంత బిగించాలన్నదే అసలు నేర్పు.

1970లలో వచ్చిన ‘రెడీ’ అనే డయాలసిస్ పద్ధతి సుమారు 6 లీటర్ల ద్రవంతోనే నడిచేది. దాని డబ్బాలో బంధించిన యూరియేజ్ పొర యూరియాను విడగొట్టేది. పుట్టిన అమ్మోనియా యూరియాకన్నా ప్రమాదం. దాన్ని జిర్కోనియం ఫాస్ఫేట్ పొర పట్టేసేది. మిగతా మలినాల్లో కొన్నింటిని బొగ్గు పీల్చేది. జిర్కోనియం పొర నిండిపోతే అమ్మోనియా రోగి వైపే తిరిగి వస్తుంది గనుక ద్రవాన్ని మధ్యమధ్య పరీక్షించేవారు. డబ్బాను మాత్రం వాడి పారేయాల్సిందే, మిగిలేది నీరే. నీటి ఎద్దడి ఉన్న ఊళ్ళకు అదీ తక్కువేమీ కాదని మా అభిప్రాయం. ఇంట్లోనే పెట్టుకోగల చిన్న డయాలసిస్ యంత్రాల కోసం ఇదే ఊహ మీద నేటికీ పరిశోధన సాగుతోంది.