బోర్డులో ఒక కుర్చీ ఇచ్చారు, మరి మేనేజర్ గది సంగతేంటి?

కంపెనీలో పెద్ద నిర్ణయాలు తీసుకునేది డైరెక్టర్ల బోర్డు. అందులో కనీసం ఒక మహిళ ఉండి తీరాలని 2013 కంపెనీల చట్టం 149వ సెక్షన్ చెబుతోంది. స్టాక్ మార్కెట్‌లో లిస్టయిన ప్రతి కంపెనీకీ ఇది వర్తిస్తుంది. లిస్టు కాకపోయినా, చెల్లించిన మూలధనం రూ.100 కోట్లు లేదా టర్నోవర్ రూ.300 కోట్లు, ఆపైన ఉన్న పబ్లిక్ కంపెనీలకూ తప్పదు.

లిస్టెడ్ కంపెనీలకు సెబీ పెట్టిన గడువు 2015 ఏప్రిల్ 1. అది దగ్గర పడేసరికి చాలాచోట్ల యజమాని భార్యనో, కూతురినో తెచ్చి కూర్చోబెట్టారు. లెక్క సరిపోయింది, అధికారం మాత్రం ఆ ఇంట్లోనే ఉండిపోయింది. అలాగని కుటుంబం నుంచి వచ్చిన వాళ్లంతా డమ్మీలే అనడం కూడా న్యాయం కాదు. అపోలో కుటుంబానికి చెందిన శోభన కామినేని 2017లో సీఐఐ అధ్యక్షురాలయ్యారు, ఆ పదవిలో ఆమే తొలి మహిళ.

ఈ లొసుగు చూశాక కోటక్ కమిటీ సిఫారసుతో సెబీ నిబంధన బిగించింది. మార్కెట్ విలువలో మొదటి 500 కంపెనీల్లో 2019 ఏప్రిల్ నుంచి, మొదటి 1000 కంపెనీల్లో 2020 ఏప్రిల్ నుంచి ఒక స్వతంత్ర మహిళా డైరెక్టర్ ఉండాలి. స్వతంత్ర అంటే యజమానులకు చుట్టం కాకూడదు.

కానీ చట్టం బోర్డు గుమ్మం దగ్గరే ఆగిపోయింది. టీమ్ లీడ్, బ్రాంచ్ మేనేజర్, జనరల్ మేనేజర్ పోస్టులకు ఏ కోటా లేదు. అసలు జారిపోయేది అక్కడే. చేరేటప్పుడు అమ్మాయిలు బాగానే చేరతారు. పెళ్లి, కాన్పు, బదిలీ, అత్తామామల అనారోగ్యం... ప్రమోషన్ వచ్చే వయసులోనే ఇవన్నీ మీద పడతాయి. 1977లో ప్రొబేషనరీ ఆఫీసర్‌గా చేరిన అరుంధతీ భట్టాచార్య 2013లో స్టేట్ బ్యాంక్ తొలి మహిళా చైర్మన్ అయ్యారు. పిల్లలను, పెద్దలను చూసుకోవడానికి మహిళా ఉద్యోగులు రెండేళ్ల వరకు సెలవు తీసుకుని, మళ్లీ ఉద్యోగంలోకి వచ్చే వీలు ఆమె హయాంలోనే కల్పించారు. రాజీనామా తప్ప దారి లేదనుకున్న వాళ్లకు అది చిన్న విషయం కాదు.

2017 సవరణతో ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26 వారాలకు పెరిగింది. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట క్రెష్ ఉండాలి. అయితే సెలవు కాలపు జీతం భారమంతా యజమానిదే. అందుకే పెళ్లయిన అమ్మాయిని తీసుకోవడానికి కొందరు వెనకాడతారు. పైకి చెప్పరు, అంతే.

కూతురికి ఆఫర్ లెటర్ వచ్చినప్పుడు జీతం ఒక్కటే చూసే ఇళ్లు చాలా ఉన్నాయి. ఇంకొకటి కూడా చూడొచ్చు. మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలు వార్షిక నివేదికతో పాటు బీఆర్ఎస్ఆర్ అనే నివేదిక ఇవ్వాలి. బోర్డులో ఆడవాళ్లు ఎందరు, మగవాళ్ల జీతానికీ వాళ్ల జీతానికీ తేడా ఎంత, ప్రసూతి సెలవు తర్వాత తిరిగి చేరినవాళ్లు ఎంత శాతం అన్నవి అందులో ఉంటాయి. కంపెనీ వెబ్‌సైట్‌లో ఉచితంగానే దొరుకుతుంది.