కెటరింగ్ బడిలో ఉపగ్రహముల పాఠము

2023 ఆగస్టు 23వ తేదీ సాయంకాలము చంద్రయాన్-3 నౌక చంద్రుని దక్షిణ ధ్రువ ప్రాంతమున దిగినది. దేశములోని అనేక పాఠశాలలలో పిల్లలను కూర్చుండబెట్టి ఆ దృశ్యమును తెరమీద చూపించినారు. చప్పట్లు మ్రోగినవి. సంతోషింపదగిన విషయమే. అయితే మరునాటి భౌతిక శాస్త్రపు గంటలో ఆ ఉత్సాహము ఏమైనదని విచారించవలసి యున్నది. తెరమీద చూచిన దానిలో పిల్లవాడు తన చేతితో కొలిచినది ఏదియు లేదు. తిరునాళ్లలో బాణసంచా చూచి వచ్చినంత మాత్రమున రసాయన శాస్త్రము వచ్చునా?

ఈ సందర్భమున ఇంగ్లండులోని ఒక బడి కథ తెలిసికొనదగినది. నార్తాంప్టన్‌షైరులో కెటరింగ్ అను చిన్న పట్టణము కలదు. బూట్ల తయారీకి పేరుపడినది. అక్కడి గ్రామర్ స్కూలులో జెఫ్రీ పెర్రీ భౌతిక శాస్త్రమును, డెరెక్ స్లేటర్ రసాయన శాస్త్రమును బోధించెడివారు. స్లేటర్‌కు రేడియో పనియందు మక్కువ. 1960 మే నెలలో సోవియట్ వారు స్పుత్నిక్-4ను ప్రయోగించినప్పుడు ఆ సంకేతములు ఆయన రేడియోకు అందినవి. ఆ ధ్వనిలో పెర్రీకి తన పాఠమునకు పనికివచ్చు సాధనము దొరికినది. అది డాప్లర్ ప్రభావము.

రైలు కూత వేయుచు స్టేషనును దాటిపోవునప్పుడు, దగ్గరకు వచ్చునంతసేపు కూత హెచ్చు స్థాయిలో వినిపించి, దాటగానే దిగజారుటను ఎరుగనివారు లేరు. రేడియో తరంగమునకును అదే ధర్మము. నాటి సోవియట్ ఉపగ్రహములు పెక్కు సెకనుకు ఇంచుమించు 2 కోట్ల కంపనములుగల తరంగములను పంపెడివి. ఉపగ్రహపు వేగము సెకనుకు ఏడున్నర కిలోమీటర్లు. లెక్క వేసినచో ఆ 2 కోట్లలో కలుగు మార్పు హెచ్చుగా వచ్చినప్పటికిని 500 కంపనములే. ఇంత స్వల్పమైన భేదము చెవికి తెలియునా అని సందేహము కలుగవచ్చును. రిసీవరు తాను పుట్టించు మరియొక తరంగమును దానితో కలిపినప్పుడు, రెంటికిని గల భేదము మాత్రమే ధ్వనిగా వినవచ్చును. ఉపగ్రహము దాటిపోవుచుండగా ఆ ధ్వని స్థాయి జారును. మిక్కిలి వేగముగా జారిన క్షణమే అది అతి సమీపమునకు వచ్చిన క్షణము. ఒక రిసీవరు, ఒక స్టాప్‌వాచీ, ఒక నోటు పుస్తకము ఉన్న చాలును.

కెటరింగ్ విద్యార్థులు ఈ విధముగనే వేళలు వ్రాసికొనుచు వచ్చినారు. కాస్మోస్ అను పేరుతో వరుసగా వెడలుచున్న ఉపగ్రహములను గూర్చి మాస్కో ప్రకటనలు కక్ష్యా వివరములను తెలిపెడివే గాని, ఎచ్చటినుండి ఎగసినది, ఏ పనికి ఎగసినది అను మాటలు చెప్పెడివి కావు. 1966 మార్చి 17న వెడలిన కాస్మోస్-112 యొక్క కక్ష్య భూమధ్యరేఖకు 72 డిగ్రీలు వాలియుండెను. దాని రాకపోకల వేళలు, అందరును ఎరిగిన బైకనూరు కేంద్రమునుండి ఎగసిన దానికి పొసగలేదు. ఆ సంవత్సరమే అక్టోబరులో కాస్మోస్-129 వచ్చినది. దాని వాలు సుమారు 65 డిగ్రీలు. వేరువేరు వాలులుగల ఈ ఉపగ్రహముల మొదటి మార్గములను వెనుకకు పొడిగించి పటముమీద గీచి చూడగా, అవి రష్యా ఉత్తర భాగమున ప్లెసెత్స్క్ అను ఊరి సమీపమున ఖండించుకొన్నవి. రహస్యముగా నడుచుచున్న ఒక ప్రయోగ కేంద్రము అచ్చట ఉన్నదని బడి పిల్లలును వారి ఉపాధ్యాయులును ఆ సంవత్సరాంతమునకు లోకమునకు వెల్లడి చేసినారు. సోవియట్ ప్రభుత్వము ఆ కేంద్రమును ఒప్పుకొన్నది 1983లో.

పత్రికలకు రహస్యము బయటపడుటయే వింత. ఉపాధ్యాయునకు వింతగా తోచవలసినది వేరొకటి. మన ప్రయోగశాలలలో లోలకము ఊపు విద్యార్థికి గురుత్వ త్వరణము 980 రావలెనని ముందే తెలియును. ఫలితము ముందు వ్రాసికొని, దానికి సరిపోవు కొలతలను తరువాత నింపువారు ఎందరో ఉందురు. దిద్దువారికి ఆ సంగతి తెలియకపోదు. కెటరింగ్‌లో అట్టి అవకాశము లేదు. కాస్మోస్-112 ఎచ్చటినుండి ఎగసినదో పుస్తకములో లేదు, పెర్రీకిని తెలియదు. వేళ ఒక నిమిషము తప్పుగా వ్రాసిన యెడల పటముమీద గీత ఎక్కడికో పోవును. గురువునకే తెలియని జవాబును వెదకునప్పుడు శిష్యుని కొలతకు విలువ వచ్చును. నిజాయితీ అప్పుడు నీతిబోధగా గాక అవసరముగా ఏర్పడును. అంతరిక్ష యానము బడికి చేయగల మేలు ఇదే. శ్రీహరికోటలో 2019లో ప్రేక్షకుల గ్యాలరీ తెరచినారు. పిల్లలను అచ్చటికి తీసికొనిపోవుట మంచిదే. కాని రాకెట్టు కొద్ది నిమిషములలో కనుమరుగగును. అసలు పాఠము ఆ తరువాతనే ఆరంభము కావలెను.

దానికి రేడియో సైతము అక్కరలేదు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రము భూమికి సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున, 93 నిమిషములకు ఒక చుట్టు తిరుగుచున్నది. సూర్యాస్తమయానంతరము గాని, సూర్యోదయమునకు ముందు గాని, అనుకూలించిన దినములలో అది మిణుకులేని నక్షత్రమువలె నాలుగైదు నిమిషములు మింట సాగిపోవును. విజయవాడలో ఒక ఎనిమిదవ తరగతి విద్యార్థి దానిని సరిగా నడినెత్తిన చూచినాడనుకొందము. 93 నిమిషముల తరువాత మరల మేడ యెక్కి చూచినచో దొరకదు. ఎందువలన? ఆలోపల భూమి 23 డిగ్రీలు తూర్పునకు తిరిగినది. కేంద్రము ఈ పర్యాయము ఆ అక్షాంశమును దాటునది పడమర సుమారు 2,500 కిలోమీటర్ల దూరమున, ఒమాన్ తీరమునకు తూర్పుగా, అరేబియా సముద్రముమీద. విజయవాడ మేడమీద నిలిచినవానికి అది క్షితిజపు మసకలో కలిసిపోవును. ఈ లెక్కకు కావలసినవి గ్లోబు, నూలుదారము, గడియారము. దారమును భూమధ్యరేఖకు 51.6 డిగ్రీల వాలుగా చుట్టి, గ్లోబును 93 నిమిషములకు తగినంత త్రిప్పి, దారము ఇప్పుడు ఏ సముద్రము మీదుగా పోవుచున్నదో పిల్లలనే చెప్పనిచ్చి, మరునాడు ఏ వేళకు ఏ దిక్కున చూడవలెనో వారిచేతనే నల్లబల్లమీద వ్రాయించవలెను. ఆ వేళకు అది రాకపోయినచో ఇంకను మంచిది.