సైకిల్ సీసాలో పల్చని పానకం

ఆదివారం మీ అబ్బాయినో, అమ్మాయినో వెంటబెట్టుకుని ఆత్మకూరు నుంచి ఉదయగిరి వైపు సైకిల్ మీద బయలుదేరుతున్నారా? గంటలోపు తిరిగొచ్చేస్తే మంచినీళ్లు చాలు. అంతకు మించితే ఒంట్లో నిల్వ ఉన్న పిండిపదార్థం తరిగి కాళ్లు బరువెక్కుతాయి.

అర లీటరు మంచినీళ్లలో 30 గ్రాముల పంచదార, చిటికెడు ఉప్పు, అర చెక్క నిమ్మరసం కలపండి. బెల్లమైతే కరిగించి వడగట్టాలి. గంటకు ఒక సీసా, గుక్కగుక్కగా తాగించండి. దాహమేస్తే మామూలు నీళ్లు విడిగా ఇవ్వండి.

తీపి పెంచితే బలం రాదు. చిక్కని పానకం కడుపులోకి నీటిని లాగి వికారం, నొప్పి తెస్తుంది. తేనెలా కాచిన బెల్లం పాకమే మన ఇంటి జెల్. దాని వెంట గ్లాసు నీళ్లు తప్పనిసరి. కెఫీన్ ఉన్న ఎనర్జీ డ్రింకులు పిల్లలకు వద్దు.

ఎండలో తల తిరుగుతోందన్నారా, సీసా సంగతి తర్వాత. ముందు సైకిల్ దింపి నీడకు చేర్చండి.