పొరుగు భాషలో మన కథ

ఆదివారంనాడు ఆబిడ్స్‌లో మూసిన దుకాణాల ముందు, కాలిబాటల మీద పాత పుస్తకాల అంగళ్లు వెలుస్తాయి. గ్రంథాలయంలో వలె అక్కడ భాషకొక గది లేదు. ఆంగ్ల నవల ప్రక్కన ఉర్దూ సంపుటి, దాని ప్రక్కన తెలుగు నిఘంటువు ఒద్దికగా కూర్చొని ఉంటాయి. మన పాఠ్యప్రణాళికలు విడదీసిన భాషలను కాలిబాట కలిపి ఉంచినది. సాహిత్య విద్యార్థి ఈ పాఠాన్ని అలక్ష్యం చేయరాదు. ఏలనగా మనదనుకొనే కథ ఒక్కొక్కప్పుడు పొరుగు భాషలో పుడుతుంది.

తెలంగాణా రైతాంగ పోరాటమే ఇందుకు నిదర్శనం. 1946 నుండి 1951 వరకు సాగిన ఆ సమరాన్ని ఇతివృత్తంగా గ్రహించి, ప్రసిద్ధ ఉర్దూ రచయిత కృష్ణచందర్ 'జబ్ ఖేత్ జాగే' అనే నవలను రచించారు. ఆయనకు హైదరాబాదు కొత్త కాదు. 1945లో ఇక్కడ జరిగిన ఉర్దూ అభ్యుదయ రచయితల మహాసభకు బొంబాయి నుండి రైలులో వచ్చి, ఆ యాత్రనూ సభా విశేషాలనూ 'పౌదే' అనే గ్రంథంగా వెలువరించారు. నవలలో నాయకుడు రాఘవరావు. తెల్లవారితే అతనికి ఉరి. ఆ రాత్రి చెరసాలలో అతని జ్ఞాపకాలుగా కథ నడుస్తుంది.

ఈ నవల ఆధారంగా 1980లో 'మాభూమి' చలనచిత్రం వెలువడినది. నిర్మాతలు బి. నరసింగరావు, జి. రవీంద్రనాథ్ తెలుగువారు, దర్శకుడు గౌతం ఘోష్ వంగదేశీయుడు. చిత్రంలో నాయకుడు రామయ్య అయినాడు. కథ చెరసాల విడిచి పల్లెకు చేరినది. పోరాట కాలంలో పుట్టిన సుద్దాల హనుమంతు పాట, బండి యాదగిరి పాట అందులో చోటు చేసుకొన్నవి. ఉర్దూ వచనంలోకి వలసపోయిన తెలుగు పల్లె, తన పాటతో తన భాషకు తిరిగి వచ్చినదన్నమాట.

అంతకు మూడేండ్ల ముందు, 1977లో, మరొక వంగ దర్శకుడు మృణాల్ సేన్ 'ఒక ఊరి కథ' నిర్మాణానికి పూనుకొన్నారు. దానికి మూలం ప్రేమ్‌చంద్ కథ 'కఫన్'. మూలకథలో ప్రసవవేదన పడుతున్న కోడలి మూలుగు మాత్రమే మనకు వినిపిస్తుంది. గుడిసె బయట తండ్రీకొడుకులు ఆలుగడ్డలు కాల్చుకొని తింటూ ఉంటారు. తెలుగు చిత్రంలో ఆమె నీలమ్మ అయి నడచి వచ్చినది. సంసారం నిలబెట్టడానికి చాకిరీ చేసినది. మూలంలో నీడగా ఉన్న మనిషికి తెలుగులో రూపం వచ్చినది. దీనిని మూలానికి ద్రోహమనుట కంటె, మూలానికి వ్యాఖ్యానమనుట సమంజసం.

ఇట్టి కృతులను ఏ దృష్టితో చదవాలి? వలసపాలన నుండి విముక్తి పొందిన దేశాల సాహిత్యాన్ని గూర్చి పాశ్చాత్య విశ్వవిద్యాలయాలలో విస్తారమైన చర్చ జరిగినది. 1986లో అమెరికా విమర్శకుడు ఫ్రెడరిక్ జేమ్సన్, మూడవ ప్రపంచపు రచనలన్నియు జాతి చరిత్రకు సంకేతకథలేనని సిద్ధాంతీకరించారు. మరుసటి యేడే ఐజాజ్ అహ్మద్ దానిని ఖండించారు. ఆయన ఆయుధం మరొక సిద్ధాంతం మాత్రమే కాదు, ఉర్దూ సాహిత్య పరిచయం కూడ. అనువాదం కాని రచనలను చూడకుండ అన్నింటినీ ఒకే గాటను కట్టడం తగదన్నది ఆయన వాదసారం.

'మాభూమి' ఆ వాదానికి బలం చేకూరుస్తుంది. 1948లో భారత సైన్యం వచ్చిన తరువాత పారిపోయిన దొరలు పల్లెకు తిరిగి వస్తారు. రైతు పోరు మాత్రం ఆగదు. జాతి విముక్తి, రైతు విముక్తి ఒకే దినాన రాలేదని ఆ చిత్రం చెప్పుచున్నది. దానిని కేవలం జాతి కథగా చదివినచో రైతు కథ మరుగున పడిపోతుంది.

మరొక చిక్కు కూడ కలదు. వలసపాలన అనగానే ఏలికల భాష ఆంగ్లమని మనం తలుస్తాము. నిజాము రాజ్యంలో పాలనా భాష ఉర్దూ. అయినను రైతు పక్షాన నిలిచిన కృష్ణచందర్ నవల ఆ భాషలోనే వచ్చినది; మఖ్దూం మొహియుద్దీన్ తెలంగాణాపై కవిత వ్రాసినదీ ఆ భాషలోనే. ఏ భాషా పుట్టుకతో పీడకుల భాష కాదు. ఈ వివేకం కలుగవలెనంటే రెండు భాషలూ చదవక తప్పదు.

ఇందుకు తగిన నేల ఈ నగరంలోనే ఉన్నది. నిజాము ఏలుబడిలో తెలుగు కోసం 1943లో పుట్టిన సారస్వత పరిషత్తు ఆబిడ్స్ చెంతనే ఉన్నది. 1985లో స్థాపితమైన తెలుగు విశ్వవిద్యాలయం నాంపల్లి ఉద్యానవనంలో వెలసినది. ఈ రెండింటి నడుమ దారి కొద్దిపాటిదే. ఆ దారిలో పోయేవారికి తెలుగూ, ఉర్దూ చెవిని పడుతూనే ఉంటాయి.

ఉపాధ్యాయులు ఒక చిన్న ప్రయత్నం చేయవచ్చును. ఉర్దూ తెలిసిన విద్యార్థిచేత 'కఫన్' కథ చెప్పించి, తెలుగు విద్యార్థుల చేత 'ఒక ఊరి కథ'లో ఏది మారినదో, ఎందుకు మారినదో వ్రాయించవలెను. తులనాత్మక పరిశోధనకు అదే ఓనమాలు. పొరుగువాని భాషలో తన కథ విన్న పిల్లవాడు పొరుగువానిని పరాయివానిగా చూడజాలడు.